శెనక్కాయ వేయబోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి కళ్యాణదుర్గం దగ్గర మీ నాయన చేను నువ్వే చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఐదెకరాల్లోనూ ఒక్క శెనక్కాయే వేస్తావని కూడా చెప్పింది. ఆ మాటకు నా మనసు ఒప్పలేదు, అందుకే రాస్తున్నా.

అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. కానీ ఒక వానకూ ఇంకో వానకూ మధ్య నెల రోజుల బెట్ట రావచ్చు. ఆ బెట్ట పైరు ఏ వయసులో ఉండగా వచ్చిందో, దాన్నిబట్టే నీ దిగుబడి. మొలిచిన మొదటి నెలలో వస్తే భయం లేదు. మధ్యాహ్నం ఆకు ముడుచుకున్నా వేరు కిందికి దిగుతుంది, తర్వాత వాన పడగానే పూత ఒకేసారి వస్తుంది. అప్పుడు టెన్షన్ పడి కుంటలో నీళ్లు ఖర్చు పెట్టొద్దు. ఊడలు, అంటే పూత నుంచి మట్టిలోకి దిగి కాయ కట్టే కాడలు, దిగి కాయ ఊరే కాలం, అంటే సుమారు 45 నుంచి 80 రోజుల మధ్య బెట్ట వస్తే మాత్రం ఒక్క రోజు కూడా చూడొద్దు, స్ప్రింక్లర్లు పెట్టు. ఎకరాకు 10 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే 40 వేల లీటర్లు కావాలి. నీ కుంటలో ఎన్ని పడతాయో ముందే లెక్కేసుకో. ఎన్ని ఎకరాలకు రెండు తడులు ఇవ్వగలవో, అంతవరకే శెనక్కాయ వేయి.

మిగిలిన ఎర్రనేలలో ఆముదం వేయి. దాని వేరు లోతుకు పోతుంది, వాన ఆలస్యమైనా ఆగస్టు సగం దాకా విత్తుకోవచ్చు. శెనక్కాయ చేలో కూడా ఏడు సాళ్లకో, పదకొండు సాళ్లకో ఒక సాలు కంది పెట్టు. శెనక్కాయ పీకాక పడిన వాన కందికి పనికొస్తుంది.

జూన్‌లో చిన్న జల్లుకే గొర్రు కట్టొద్దు. జులైలో నేల బాగా తడిసి పదునెక్కాక విత్తు. కదిరి పరిశోధనా స్థానం రకాల్లో లేపాక్షి బెట్టను బాగా ఓర్చుకుంటుంది, కాకపోతే కదిరి-6 కన్నా కొన్ని రోజులు ఎక్కువ తీసుకుంటుంది. కిలో విత్తనానికి 2 మిల్లీలీటర్ల ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు పట్టించు. అది ఆరాక 3 గ్రాముల మాంకోజెబ్ అనే తెగులు మందు కలుపు. పొట్టు ఊడకుండా నిదానంగా కలపాలి.

ఈ మందు ఖర్చు దండగ అనుకోవద్దు. 2000లో కాండం కుళ్లు అనే వైరస్ తెగులు వచ్చి మన జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా శెనక్కాయ దెబ్బతినింది. ఆ వైరస్ వయ్యారిభామ కలుపు పుప్పొడిలో ఉంటుంది, తామర పురుగులు పైరుకు అంటిస్తాయి. గట్ల మీద వయ్యారిభామను పూతకు రాకముందే పీకించు. చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్నో సజ్జో దట్టంగా వేయి, గాలికి కొట్టుకొచ్చే పురుగులను అది ఆపుతుంది.

పూత మొదలవగానే ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ల పక్కన వేసి మన్ను ఎగదోయించు. కాయకు కావలసిన కాల్షియం వేరు నుంచి రాదు, కాయే చుట్టూ ఉన్న మట్టిలోంచి తీసుకుంటుంది. జిప్సం లేకపోతే గింజ లేని తాలు కాయలు ఎక్కువైపోతాయి. 45 రోజులు దాటాక మాత్రం చేలో గుంటక తిప్పనివ్వొద్దు, ఊడలు తెగిపోతాయి.

ఆఖర్లో బెట్టకు గురైన చేలో కాయకు బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. కోతకు ముందు ఎండి చచ్చిన చెట్ల కాయల్ని విడిగా పెట్టు. వాటిని తినొద్దు, పశువులకూ పెట్టొద్దు. మంచి కాయల్లో తేమ 9 శాతం లోపుకు దిగేదాకా ఎండబెట్టాకే బస్తాలకెత్తు.

విత్తనం కాయలు ఇప్పుడే ఒలిపించొద్దు, వాన పడే సూచన కనిపించాక ఒలిపించు. కుంట కొలతలు రాసి పంపు, ఎన్నెకరాలు వేయొచ్చో నేను కూడా లెక్క చూస్తాను.

ఇట్లు,
మీ మామ