పక్షుల మనుషులు ఎక్కడున్నారంటే

పాపా,

మాస్టోడాన్ అనే సోషల్ మీడియాలో అకౌంట్ తెరిచావని, అంతా ఖాళీగా ఉందని, పక్షుల మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఒక్కరూ లేరని బాధపడుతున్నావట. మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. ఉన్నారమ్మా. నీ సర్వర్‌కు ఇంకా తెలియలేదు, అంతే.

మాస్టోడాన్ ఒకే సైట్ కాదు. ఎవరికి వాళ్లు నడుపుకునే సర్వర్లు బోలెడున్నాయి. యాక్టివిటీపబ్ అనే ఒకే పద్ధతిలో అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆ పద్ధతికి 2018లో వెబ్ ప్రమాణాల సంస్థ ఆమోదం కూడా వచ్చింది. అయితే నీ సర్వర్‌లో ఉన్నవాళ్లు బయట ఎవరిని ఫాలో అవుతారో, ముఖ్యంగా వాళ్ల పోస్టులే నీ సర్వర్‌కు చేరతాయి. నువ్వు చేరింది చిన్న సర్వర్. అక్కడ పక్షుల గోల ఉన్నవాళ్లు లేకపోతే, నువ్వెంత వెతికినా ఏం దొరుకుతుంది?

అందుకని పెద్ద సర్వర్ల వెబ్‌సైట్లు బ్రౌజర్‌లో తెరిచి, పక్షుల హ్యాష్‌ట్యాగ్‌లు అక్కడ చూడు. చాలావాటికి లాగిన్ కూడా అక్కర్లేదు. నచ్చిన మనిషి దొరికితే పేరు, సర్వర్ రెండూ ఉన్న పూర్తి చిరునామా కాపీ చేసి నీ సెర్చ్‌లో పెట్టు. మనిషి వస్తాడు. పాత పోస్టులు కనపడకపోతే కంగారు పడొద్దు, అవి అతని సొంత సర్వర్ పేజీలో ఉంటాయి. ఆ తర్వాత అతను ఎవరి పోస్టులు బూస్ట్ చేస్తున్నాడో, అంటే తన వాళ్లకు మళ్లీ పంచుతున్నాడో, గమనించు. నన్నడిగితే అసలు దారి అదే. ట్రెండింగ్ పేజీ చూస్తూ కూర్చోవద్దు, అక్కడ మన పిట్టలకు చోటుండదు.

మామూలు మాటలతో వెతికితే, వెతకనిస్తామని ఒప్పుకున్నవాళ్ల పోస్టులే వస్తాయి. అందుకే ట్యాగులు ముఖ్యం. 2022 నుంచి ట్యాగునే ఫాలో కావచ్చు కూడా. తెలుగు ట్యాగు పెట్టు, పక్కనే ఇంగ్లిష్‌ది, పక్షి శాస్త్రీయ నామం కూడా పెట్టు. పాలపిట్ట అంటే పోలండ్ వాడికేం తెలుస్తుంది?

నీ ప్రొఫైల్ ఖాళీగా ఉంచొద్దు. కడప జిల్లా, పక్షులు అని రెండు ముక్కలు రాయి. ఫొటో కింద అందులో ఏముందో వివరణ రాయి. చూపు లేనివాళ్ల కోసం అక్కడ దాన్ని బాగా పట్టించుకుంటారు, వివరణ లేని ఫొటోను బూస్ట్ చేయనివాళ్లూ ఉన్నారు.

సర్వర్ నచ్చకపోతే తొందరగా మారిపో. ఫాలోవర్లు నీతో వస్తారు, పోస్టులు రావు. చర్చలు కావాలంటే, ఇదే యాక్టివిటీపబ్ పద్ధతిలో నడిచే లెమ్మీ అనే చోట గుంపులున్నాయి, వాటినీ పూర్తి చిరునామాతోనే వెతకాలి. బ్లూస్కై అని ఇంకో సోషల్ మీడియా ఉంది, దాని పద్ధతి వేరు. అక్కడ ఎవరో తయారుచేసి పెట్టిన ఫీడ్లు (ఒకే విషయం మీది పోస్టుల వరుసలు), స్టార్టర్ ప్యాక్‌లు (ఫాలో కాదగ్గవాళ్ల జాబితాలు) దొరుకుతాయి, పని సులువు.

ఇంకొకటి, ఇది గట్టిగా చెబుతున్నా. కలివికోడి అంతరించిపోయిందనుకున్నారు, 1986లో మన లంకమల దగ్గరే మళ్లీ కనపడింది. అట్లాంటి అరుదైన పక్షి గానీ, ఏ పక్షి గూడు గానీ నీ కంటపడితే చోటు రాయొద్దు. నువ్వు పోస్టు తీసేస్తే, తీసేయమని మిగతా సర్వర్లకు కబురు వెళ్తుంది గానీ అన్నీ వింటాయన్న గ్యారంటీ లేదు. జిల్లా పేరు వరకే రాయి. ఎక్కడని ఎవరైనా మెసేజ్ పెట్టి అడిగినా చెప్పొద్దు, ఎంత పెద్ద పక్షి ప్రేమికుడైనా సరే.

ఆశీస్సులతో,
పెదనాయన
కడప