నోటితో రాసేవాళ్ల తిప్పలు

అమ్మాయీ,

వాయిస్ టైపింగ్‌లో చెప్పిన సీనంతా మాయమైందని, మళ్లీ అంత బాగా రాదేమోనని టెన్షన్ పడుతూ రాశావు. రావడం రాకపోవడం తర్వాతి సంగతి. అసలది పోయిందో లేదో ముందు చూడు.

చాలాసార్లు పోదు. ఏదో పేరా సెలెక్ట్ అయి ఉంటుంది, మనం చూసుకోకుండా మాట్లాడేస్తాం. కొత్త మాటలొచ్చి దాని స్థానంలో కూర్చుంటాయి. అందుకే పోయిందనిపించగానే మైకు ఆపి, కంట్రోల్ జెడ్ నొక్కుతూ వెనక్కి వెళ్లు. పోయిన ముక్క కనబడగానే కాపీ చేసి వేరే ఫైల్లో పెట్టు. ఈలోగా అసలు ఫైల్లో ఒక్క అక్షరం టైప్ చేశావో, తిరిగి ముందుకొచ్చే దారి మూసుకుపోతుంది.

గూగుల్ డాక్స్‌లో అయితే వెర్షన్ హిస్టరీ ఉంది, ఫైలు పాత రూపాలు అందులో దొరుకుతాయి. వర్డ్‌లో ఆటోరికవర్, అంటే రాసింది దానంతటదే దాచే ఏర్పాటు, మామూలుగా 10 నిమిషాలకోసారి పనిచేస్తుంది. మాట్లాడి రాసేవాళ్లకు 10 నిమిషాలంటే పేజీలకు పేజీలు. దాన్ని 1 నిమిషానికి తగ్గించు.

విండోస్‌లో క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఇవాళే ఆన్ చేసుకో. విండోస్ కీతో వి నొక్కితే, కాపీ చేసినవి 25 దాకా కనిపిస్తాయి. రీస్టార్ట్ చేస్తే పిన్ చేసినవి తప్ప అన్నీ పోతాయి. చెప్పినవి వాటంతటవి అందులోకి వెళ్లవు, నువ్వే కాపీ చేయాలి. పేరా అవగానే అంతా సెలెక్ట్ చేయడానికి కంట్రోల్ ఏ, కాపీకి కంట్రోల్ సి, సెలెక్షన్ పోవడానికి వెంటనే కుడి బాణం. ఆ బాణం మరిచిపోయి మాట్లాడితే ఫైలంతా చెరిగిపోతుంది, మళ్లీ కంట్రోల్ జెడ్డే గతి!

వీటన్నిటికన్నా నేను నమ్మేది పక్కన ఫోన్లో నడిచే రికార్డర్‌ని. అది టెక్స్ట్ పోయినప్పుడే కాదు, టెక్స్ట్ తప్పు పడినప్పుడూ ఆదుకుంటుంది. 'కుండ పగిలింది' అని నువ్వంటే సాఫ్ట్‌వేర్ 'కొండ పగిలింది' అని రాసుకుంటుంది. నెల తర్వాత చదివితే నువ్వన్నది ఏదో నీకే గుర్తుండదు. ఆడియో వింటే తేలిపోతుంది.

నిజంగానే పోయిందని తేలితే, మొదటి వాక్యం కోసం తడుముకోకు. గుర్తున్న డైలాగులూ పేర్లూ వరస చూసుకోకుండా రికార్డర్‌లో చెప్పేసెయ్. రెండోసారి రాస్తే ఇంకా బాగా వస్తుందంటారుగానీ, అది ఓదార్పుకనే మాట.

ఆ ఫైలు ఇంకా తెరిచే ఉందా? ఉంటే మూయకు. వర్డ్‌లో ఒకసారి మూశాక కంట్రోల్ జెడ్ పనిచేయదు. ముందు అది చూసి, ఏం దొరికిందో రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు