పాత షోలాపూర్ లెక్కల్లో మనవాళ్ళని ఎక్కడ వెతకాలి?

అడిగినది: "మా ముత్తాతది కరీంనగర్ వైపు. షోలాపూర్ వెళ్ళి మిల్లులో చేరారని ఇంట్లో చెబుతారు. ఆయన ఆచూకీ గానీ, అప్పట్లో అక్కడ మనవాళ్ళు ఎంతమంది ఉండేవారన్నది గానీ పాత రికార్డుల్లో దొరుకుతాయా?"

ముందు పేరు సంగతి. జనాభా లెక్కల్లో ఆయన పేరు దొరకదు. ఇంగ్లండ్‌లో 1841 నుంచి ఇంటింటి పత్రాలు దాచిపెట్టి, నూరేళ్ళు నిండాక బయటపెడతారు. అందుకే అక్కడి మిల్లు ఊళ్ళలో ఫలానా వీధిలో ఫలానా నేతగాడు అని వెతికి పట్టుకోవచ్చు. మన దగ్గర పట్టికలు తయారవగానే ఇంటి షెడ్యూళ్ళను వదిలించుకున్నారు. కాబట్టి "బ్రిటిష్ కాలం సెన్సస్‌లో మీ పూర్వీకుల పేరు చూపిస్తాం" అని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. మనకు మిగిలినవి అంకెలే. వాటిని చదవడం తెలిస్తే చాలానే చెబుతాయి.

అప్పట్లో షోలాపూర్ ఉన్న బొంబాయి ప్రెసిడెన్సీ సెన్సస్ సంపుటాలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లోనూ, పుణెలోని గోఖలే ఇన్‌స్టిట్యూట్ డిజిటల్ భాండారంలోనూ ఉన్నాయి. నివేదిక భాగం కాదు, పట్టికల భాగం తీయండి. 1901, 1911, 1921ల్లో పదో పట్టిక భాష, పదకొండోది పుట్టిన చోటు. 1931లో ఈ నంబర్లు మారాయి: పుట్టిన చోటు ఆరోది, భాష పదిహేనోది అయ్యాయి. స్కాన్లలో వెతుకుడు పెట్టెను నమ్ముకోవద్దు. కాలమ్‌ల అంకెలను యంత్రం కలగాపులగం చేస్తుంది. మడత విప్పాల్సిన పెద్ద పట్టికలను విప్పకుండానే స్కాన్ చేసిన ప్రతులూ ఉన్నాయి. సగం కాలమ్‌లు కనబడకపోతే వేరే గ్రంథాలయం ప్రతి చూడండి. ఇంత విలువైన పుస్తకాలను ఇంత నిర్లక్ష్యంగా స్కాన్ చేయడం క్షమించరానిది.

ఇక ఊరి మొత్తం జనాభా. 1901లో 75,288, 1911లో 61,345, 1921లో 1,19,581. ఇది చూసి మిల్లులు మూతపడ్డాయి, మళ్ళీ తెరిచారు అని రాసేవాళ్ళున్నారు. అది తప్పు. 1911 లెక్క మార్చి 10 రాత్రి ఊళ్ళో ఎవరుంటే వారిది. ప్లేగు వస్తే ఇళ్ళకు తాళాలేసి ఊరి బయట గుడిసెల్లోకో సొంతూళ్ళకో జనం పోయే కాలం అది. ఆ పదేళ్ళలో ఊరు చిన్నదైందా అన్నది తేల్చుకోవడానికి జనాభా పక్కన మిల్లు వరుస పెట్టాలి. బొంబాయి మిల్లు యజమానుల సంఘం ఏటా వేసిన నివేదికలో దేశంలోని ప్రతి మిల్లుకూ ఒక వరుస ఉంటుంది: పెట్టుబడి, కదుళ్ళు, మగ్గాలు, రోజుకు సగటున పనిచేసినవాళ్ళు, వాడిన పత్తి. ప్లేగుకు జనం పోతారు గానీ కదుళ్ళు పోవు. 1877లో మొదలైన షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు, అంటే అక్కడివాళ్ళ 'జునీ మిల్లు', దానితో పాటు నర్సింగ్‌గిర్జీ, విష్ణు, లక్ష్మీ మిల్లుల వరుసలను ఏడాదికేడాది ఎక్కించుకోండి. పత్తిని క్యాండీల్లో ఇస్తే ఒక క్యాండీ 784 పౌండ్లు, బేళ్ళలో ఇస్తే బేలు 392 పౌండ్లు. రెండూ కలిపేస్తే వాడకం ఉన్నట్టుండి రెట్టింపైనట్టు కనబడుతుంది.

"రోజుకు సగటు" అంటే మిల్లుపై బతికిన మొత్తం మంది కాదు. బదిలీ కూలీలు, అంటే రానివారి బదులు పనిచేసేవాళ్ళు, ఇవాళ ఒకరు, రేపు ఇంకొకరు. ఒక్క స్థానం వెనక ఇద్దరు ముగ్గురు ఉండొచ్చు. సెన్సస్ వృత్తుల పట్టికది దీనికి ఎదురు తప్పు. నూలు, నేత మీద "ఆధారపడినవారు" అన్న మొత్తంలో చంటిపిల్లలు కూడా ఉంటారు. పనిచేసేవారి కాలమ్ విడిగా ఉంటుంది, దాన్నే తీసుకోవాలి.

ఫ్యాక్టరీల సంఖ్య ఇంకో ఉచ్చు. 1881 చట్టం 100 మందికి తక్కువ కాని చోట్లకే వర్తించింది. 1891లో హద్దు 50కి దిగింది, 1922లో 20కి. చట్టం మారిన మరుసటేడు ఫ్యాక్టరీలు పెరిగితే అది పరిశ్రమ పెరిగినట్టు కాదు. సెన్సస్‌తో పాటు తీసిన పరిశ్రమల లెక్కదీ అదే గొడవ: 1911లో 20 మంది నుంచి, 1921లో 10 మంది నుంచి లెక్కేశారు. రెంటినీ పక్కపక్కన పెట్టి శాతాలు తీయకండి.

అసలు చెప్పాలనుకున్నది ఇక్కడుంది. షోలాపూర్ వెళ్ళిన పద్మశాలీల్లో చాలామంది పనిచేసింది పెద్ద మిల్లులో కాదు, చేమగ్గాల కార్ఖానాల్లో. ఒక సావుకారు, ఒక షెడ్డు, నాలుగో పదో మగ్గాలు. 1884 షోలాపూర్ గెజిటీరు నేత కులాలను మిల్లు నుంచి విడదీసే వివరిస్తుంది. ఈ చిన్న కార్ఖానాలు చాలావరకు ఫ్యాక్టరీ చట్టం హద్దు కింద ఉండటంతో ఫ్యాక్టరీ నివేదికల్లోకి రాలేదు. ఇంట్లో "మిల్లు" అంటే అది మిల్లే అయి ఉండాలని లేదు. మిల్లు మస్టర్ (కూలీల హాజరు పట్టీ) వెతికేముందు చేమగ్గాలు, మిల్లులపై వేసిన నిజనిర్ధారణ కమిటీ 1942 నివేదిక చదవండి. షోలాపూర్ కార్ఖానాల పద్ధతి అందులో ఉంది.

మనవాళ్ళ సంఖ్యకు పుట్టిన చోటు పట్టిక ఒక్కటే పట్టుకుంటే దారి తప్పుతారు. షోలాపూర్ తూర్పు హద్దు దాటగానే నిజాం రాజ్యమే. తుల్జాపూర్ నుంచి వచ్చిన మరాఠీ రైతూ, గుల్బర్గా వైపు కన్నడిగుడూ, కరీంనగర్ సాలెవారూ అందరూ "హైదరాబాద్ స్టేట్‌లో పుట్టినవారు" అనే ఒకే గడిలో పడతారు. భాష పట్టికలో తెలుగు వరుస చూస్తే మొదటి ఇద్దరూ వేరైపోతారు. పైగా షోలాపూర్‌లోనే పుట్టిన రెండో తరం పుట్టిన చోటు పట్టికలో మాయమై, భాష పట్టికలో మిగులుతుంది. రెండు పట్టికలూ ఒకే ఏడాదివి, ఒకే పరిధివి కావాలి. జిల్లా అంకెను నగరానికి అంటగట్టొద్దు. కంటోన్మెంటు కలిపారా లేదా అన్నది అడుగు గమనికలో ఉంటుంది, చూడండి.

పేరు కావాలంటే షోలాపూర్‌లోనే వెతకాలి. సాఖర్ పేఠ్, భద్రావతి పేఠ్ ప్రాంతాల పాత బడుల ప్రవేశ రిజిస్టర్లు, మునిసిపాలిటీ జనన మరణాల పుస్తకాలు, కుల సంఘం చందా పుస్తకాలు అడగండి. పాతవి మోడీ లిపిలో, అంటే మరాఠీని పూర్వం రాసిన గొలుసుకట్టు లిపిలో ఉంటాయి, మరాఠీ వచ్చినంత మాత్రాన చదవలేం. మోడీ చదవగలిగేవారిని వెంటబెట్టుకోండి. అక్కడి పద్ధతిలో తన పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు రాస్తారు. మనవాళ్ళు ఇంటిపేరుతో మొదలుపెట్టి వెతికి లేదనుకుని వచ్చేస్తారు. తండ్రి పేరుతో వెతకండి. 1952 తర్వాత కూడా మిల్లులో ఉండి ఉంటే ప్రావిడెంట్ ఫండ్ కాగితంలో మిల్లు పేరు, ఖాతా నంబరు ఉంటాయి. ఇంట్లో ట్రంకుపెట్టె ఉంటే ముందు అది తెరిచి చూడండి. ఆ నంబరుంటే జునీ మిల్లా, విష్ణు మిల్లా, కార్ఖానానా అన్నది అక్కడే తేలిపోతుంది.