నాన్న ఆసుపత్రిలో ఉన్నాడని ఎన్నాళ్ళు చెప్పాలి?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. నాలుగు నెలల క్రితం మా బావగారు ఏడేళ్ళ కొడుకును బండి మీద ఎక్కించుకొని వస్తుండగా హైవే మీద లారీ ఢీకొని అక్కడికక్కడే చనిపోయారు. మా మేనల్లుడు చిన్న గాయాలతో బయటపడ్డాడు. తట్టుకోలేడన్న భయంతో, నాన్న చెన్నైలో ఆసుపత్రిలో ఉన్నాడని మా అక్క చెబుతూ వస్తోంది. వాడు రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నాడు, పక్క తడుపుతున్నాడు, లారీ హారన్ వినబడితే చెవులు మూసుకొని ఇంట్లోకి పరుగెత్తుతున్నాడు. బొమ్మ లారీతో బొమ్మ బండిని గుద్దించే ఆటే పదేపదే ఆడుతున్నాడు. జడుసుకున్నాడని మా అమ్మ కసుమూరు దర్గాకు తీసుకెళ్ళి తాయెత్తు కట్టించింది. పెద్దయితే అదే మరిచిపోతాడని బంధువులంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక మేనమామ, నెల్లూరు జిల్లా

జవాబు: తాయెత్తు ఉండనివ్వండి. దానివల్ల అమ్మమ్మకు కలిగిన ధైర్యం పిల్లవాడికీ కొంత మేలే చేస్తుంది. అయితే ముందుగా జరగవలసింది వాడికి నిజం చెప్పడం. తండ్రి పడిపోవడాన్ని పక్కనే ఉండి చూసిన పిల్లవాడికి, తాను చూసినదానికీ ఇంట్లో వింటున్నదానికీ పొంతన కుదరదు. ఈ వయసువారు తెలియని సంగతిని ఊహతో పూరించుకుంటారు, ఆ ఊహలో తప్పు చాలాసార్లు తమ మీదే వేసుకుంటారు. తాను అల్లరి చేయబట్టే నాన్న ఇంటికి రావడం లేదని వాడు అనుకుంటూ ఉండవచ్చు.

పగటిపూట, ఇంట్లోనే, మీరు పక్కన కూర్చోగా మీ అక్కగారినే చెప్పమనండి. "లారీ గుద్దినప్పుడు నాన్నకు చాలా పెద్ద దెబ్బలు తగిలాయి, నాన్న చనిపోయాడు, ఇక తిరిగి రాడు, ఇందులో నీ తప్పేమీ లేదు, నీకు చెప్పడానికి మేం భయపడ్డాం" అంటే చాలు. నిద్రపోయాడని మాత్రం అనవద్దు, అసలే నిద్రకు భయపడుతున్న పిల్లవాడు. అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతాడు, ప్రతిసారీ అదే జవాబు ఓపికగా చెప్పాలి. తల్లికి ఏడుపు వస్తే ఆపుకోనక్కరలేదు. ఆమెను నిబ్బరంగా ఉండమని ఒత్తిడి చేసే బంధువులను కాస్త దూరంగా ఉంచడం మీ వంతు.

ఆ ఆటను ఆపకండి. మాటల్లో చెప్పలేనిదాన్ని పిల్లలు ఆటలో చెప్పుకుంటారు. ఆట ఎప్పుడూ గుద్దడం దగ్గరే ఆగిపోయి, ఆ తర్వాత వాడు మరింత కలవరపడుతుంటే, మీరూ పక్కన కూర్చొని ఆటలోకి 108 బండిని రప్పించండి, సాయానికి మనుషులను తీసుకురండి. పక్క తడపడం ఇలాంటి దెబ్బ తరువాత తరచుగా కనబడేదే. దుప్పటి మార్చండి తప్ప తిట్టవద్దు, తోటి పిల్లల ముందు ఎత్తిచూపవద్దు. బడి, భోజనం, నిద్ర వేళలు మునుపటిలాగే సాగాలి. టీచరుకు సంగతి ముందే చెప్పి ఉంచండి.

ఇటువంటి లక్షణాలు మొదటి నెలలో చాలామంది పిల్లల్లో కనబడి క్రమంగా తగ్గుతాయి. నాలుగు నెలలైనా తగ్గలేదంటే వాటంతటవే పోతాయని ఎదురుచూడకూడదు. నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. అంతకంటే ముందే మాట్లాడాలనుకుంటే 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ టెలి మానస్ సేవ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఇలాంటి పిల్లల కోసమే రూపొందించిన ట్రామా ఫోకస్డ్ సీబీటీ అనే మాటల చికిత్స ఉంది. సాధారణంగా 12 నుంచి 16 సార్లు కూర్చోబెడతారు, తల్లి కూడా పాల్గొంటుంది. హారన్ భయాన్ని అందులోనే మెల్లమెల్లగా తగ్గిస్తారు కనుక, ధైర్యం వస్తుందని మీరే వాడిని హైవే పక్కకు తీసుకెళ్ళి నిలబెట్టవద్దు. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చి వేయడం అసలే కూడదు.

నిజం తెలిశాక వాడు "నేనూ నాన్న దగ్గరికి పోతాను" అనవచ్చు. చాలావరకు అది బెంగతో అనే మాటే. అయినా కసరకుండా, ఎలా పోదామనుకుంటున్నావని నెమ్మదిగా అడగండి. తనకు తాను హాని చేసుకునే ఆలోచన జవాబులో ఏ కొంచెం కనబడినా, తిండి మానేసినా, అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.