ఐసా పొదుపు తీసి కిటికీలు మార్చాలా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో పాత టెర్రస్ ఇల్లు (పక్కిళ్లకు ఆనుకుని వరుసగా కట్టినది) కొన్నాం. కిటికీలన్నీ ఒంటి అద్దంవే, మొత్తం 12 చదరపు మీటర్లు. డబుల్ గ్లేజింగ్‌కి, అంటే రెండు అద్దాల కిటికీలకి, 7,000 పౌండ్లు అడుగుతున్నారు, గ్యాస్ బిల్లు సగమైపోతుందంటున్నారు. గ్యాస్ యూనిట్ (కిలోవాట్ అవర్) 6 పెన్స్ పడుతోంది. 4 శాతం వడ్డీ వచ్చే క్యాష్ ఐసాలోంచి (వడ్డీపై పన్ను పడని పొదుపు ఖాతా) తీయమంటారా?

జవాబు: తీయకండి. లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉంటే, ఒంటి అద్దంలోంచి చదరపు మీటరుకు దాదాపు 5 వాట్ల వేడి పోతుంది. కొత్త డబుల్ గ్లేజింగ్‌లో అది 1.4. మీ ఇంటికి లెక్కేస్తే, బాయిలర్‌లో వృథా అయ్యేది కూడా కలిపి, ఏడాదికి సుమారు 2,300 యూనిట్ల గ్యాస్ మిగలొచ్చు. అంటే 140 పౌండ్లు. ఆ 7,000 కదపకుండా ఉంచితే వచ్చే వడ్డీ 280, అదీ పన్ను లేకుండా! పైగా మీ ఐసా ఫ్లెక్సిబుల్ రకం (తీసిన సొమ్ము అదే ఏడాది మళ్లీ వేసుకోనిచ్చేది) కాకపోతే, తీసిన సొమ్ము తిరిగి వేసినప్పుడు అది ఐసాలో ఆ ఏడాది వేయగల సొమ్ము పరిమితిలోకే వస్తుంది.

ముందు కిటికీ సందుల్లోంచి కొట్టే గాలిని ఆపండి. తర్వాత లైనింగ్ ఉన్న మందపాటి కర్టెన్లు. స్కాట్లాండ్‌లో పాత కిటికీలపై చేసిన పరీక్షల్లో బరువైన కర్టెన్ వేస్తే అద్దంలోంచి పోయే వేడి 14 శాతం తగ్గింది, లోపలివైపు రెండో అద్దం బిగిస్తే 63 శాతం. ఆ రెండో అద్దానికి కొత్త కిటికీకి అయ్యేంత ఖర్చు అవ్వదు. నేనైతే హాల్‌కీ బెడ్‌రూమ్‌కీ అదే పెట్టిస్తాను.

కర్టెన్ల విషయంలో మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. అందంగా ఉంటుందని నేల దాకా వేలాడదీస్తారు, కింద గదిని వేడిచేసే రేడియేటర్ ఉంటే దాని వేడంతా కర్టెన్ వెనక్కి చేరి అద్దానికే పోతుంది. అక్కడ కిటికీ గట్టు దాకా చాలు. చీకటి పడగానే మూసేయండి, పొద్దున తీసి అద్దం మీది తడి తుడవండి, లేదంటే బూజు పడుతుంది. అన్నం, పోపుల ఆవిరి ఎక్కువుండే మన ఇళ్లలో ఇది మరీను. వంటప్పుడు ఫ్యాన్ వేయడం మరవకండి.

చెక్క కుళ్లినా, రోడ్డు మోత భరించలేకపోయినా మార్చాల్సిందే, కాదనను. అప్పుడు వాళ్లిచ్చే కొటేషన్‌లో 20 శాతం వ్యాట్ కలిసి ఉందో లేదో అడగండి. ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా గోడలకు, అటకకు పొర వేసే) పనికి 2027 మార్చి దాకా సున్నా వ్యాట్ ఉన్నా, కిటికీలకు అది వర్తించదు. ఫెన్సా సర్టిఫికెట్ (కిటికీలు నిబంధనల ప్రకారం బిగించారనే రుజువు) దాచుకోండి, ఇల్లు అమ్మేటప్పుడు అడుగుతారు.