కేబుళ్ళ గురించి బుజ్జికి

చి. బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. పాత ఆంప్లిఫయర్, ఒక జత స్పీకర్లు కొన్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చాలా సంతోషం. నువ్వు పంపిన ఫోటో కూడా చూశాను. ఆంప్లిఫయర్‌కు పెట్టిన డబ్బు కన్నా దానికి తగిలించే తీగలకే ఎక్కువ పెట్టమని దుకాణదారు చీటీ రాసిచ్చాడు. అసలు కంటే కొసరు ఎక్కువ అంటే ఇదే. కొనకు. నీ చేతులతో చేసుకో. ఇంజనీరింగ్ చదువు అక్కర్లేదు; మంచి వెలుతురు, తొందర లేని ఒక పూట ఉంటే చాలు.

ముందు ఒక మాట మనసులో పెట్టుకో. ఆడియో కేబుల్లో తేడా వచ్చేది తీగ మధ్యలో కాదు, రెండు కొసల్లో. అతుకు బాగుంటే మామూలు రాగి తీగ కూడా పాటను చక్కగా మోసుకుపోతుంది. అతుకు పాడైతే వెండి తీగ అయినా గరగరలాడుతుంది. అందుకే ఈ ఉత్తరంలో తీగ గురించి తక్కువ, అతుకు గురించి ఎక్కువ రాస్తున్నాను.

స్పీకర్ తీగ లెక్క చిన్నది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నిరోధం, అంటే కరెంటును అది అడ్డుకునే గుణం, కిలోమీటరుకు సుమారు 13 ఓంలు. మీ హాల్లో ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్ దాకా 5 మీటర్లు అనుకుందాం. పోనూ రానూ 10 మీటర్లు, అంటే 0.13 ఓం. నీ స్పీకర్ 8 ఓంలది. తీగ దగ్గర పోయేది అందులో అరవయ్యో వంతు. తీగ మొత్తం నిరోధం స్పీకర్ ఓంలలో 5 శాతం దాటకుండా చూసుకోవాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. మనం ఆ గీతకు చాలా ఇవతలే ఉన్నాం. 4 ఓంల స్పీకర్లయితేనో, తీగను గది చుట్టూ తిప్పవలసి వస్తేనో 2.5 తీసుకో. దానికి కిలోమీటరుకు 8 ఓంలే. వెండి రాగి కన్నా ఐదారు శాతం మెరుగు, అంతకు మించి లేదు. కాస్త లావు రాగి తీగ తీసుకుంటే ఆ తేడా పూడిపోతుంది. ఆక్సిజన్ తీసేసిన రాగి అని గొప్పగా చెబుతారు, దానికీ మామూలు విద్యుత్ రాగికీ నిరోధంలో తేడా ఒక శాతానికి మించదు. ఎవరైనా అంతకంటే పెద్ద కథ చెబితే చెవిలో పువ్వు పెడుతున్నారని అనుకో. పాట వినవలసిన చెవి మరి!

కొనుగోలుకు కోఠి వెళ్ళు. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కితే రైలు మారే పని లేకుండా ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగవచ్చు. పిన్నులు, సాకెట్లు, షీల్డ్ వైరు (కవచం ఉన్న తీగ), స్లీవులు (తీగ మీద తొడిగే గొట్టాలు) గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. స్పీకర్ తీగను మాత్రం అక్కడ అడగకు. ‘స్పీకర్ వైరు’ అనగానే పారదర్శకమైన ప్లాస్టిక్‌లో ఎర్రగా మెరిసే లావాటి తీగ చేతిలో పెడతారు. అందులో చాలా భాగం అల్యూమినియం మీద రాగి పూత వేసినదే. ఒక పోగు బయటికి లాగి బ్లేడుతో గీకి చూడు. లోపల తెల్లగా కనబడితే తిరిగి ఇచ్చేయ్. చేతికి తేలిగ్గా అనిపించినా అనుమానించు. అదే లావు రాగి కన్నా దాని నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లు. పైగా కత్తిరించిన చోట అల్యూమినియం గాలి తగిలి పొర కట్టేస్తుంది.

దానికి బదులు పక్కనే ఉన్న ట్రూప్ బజార్‌కు నడిచి, ఇళ్ళకు వైరింగ్ చేసే తీగ అడుగు. సన్న పోగులు పేనిన ఒంటి తీగ, పైన ఐఎస్ 694 అని (అది ఇలాంటి తీగలకు భారత ప్రమాణం సంఖ్య), ఎన్ని చదరపు మిల్లీమీటర్లో ఆ అంకె అచ్చు వేసి ఉంటుంది. 90 మీటర్ల చుట్ట మొత్తం కొనమంటారు. మీటర్ల లెక్కన కోసి ఇచ్చే దుకాణం వెతుక్కో. ఎరుపు కొంత, నలుపు కొంత తీసుకుని రెండూ కలిపి జడలా మెలివేసుకో. మెలివేస్తే కొంత పొడవు తగ్గుతుంది కాబట్టి కొలతకు ఓ అర మీటరు ఎక్కువే తీసుకో. చూడటానికి అందంగా ఉండదని మీ అమ్మ అంటుంది. నల్లటి అల్లిక తొడుగు వేసెయ్, ఇంక ఏమీ అనదు.

ఈ తీగ కొసలకు టంకం పూసి స్క్రూ కింద బిగించే అలవాటు చాలామందికి ఉంది. నువ్వు చేయకు. టంకం మెత్తటి లోహం. స్క్రూ ఒత్తిడికి నెమ్మదిగా జారుతుంది, కొన్ని నెలలకు బిగింపు వదులవుతుంది. పోగులను ఉత్తినే గట్టిగా మెలిపెట్టి బిగించు. ఒక్క పోగు కూడా పక్క స్క్రూకు తగలకూడదు. తగిలితే షార్టయి ఆంప్లిఫయర్‌లో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోవచ్చు. ఆ భయం లేకుండా ఉండాలంటే తీగ కొసకు బిగించి సాకెట్లో గుచ్చే 4 మిల్లీమీటర్ల బనానా పిన్నులు వేసుకో. కానీ ఒకటి గుర్తుంచుకో: ఆ పిన్ను మన గోడ సాకెట్ రంధ్రంలోకి కూడా దూరుతుంది. పిల్లలున్న ఇంట్లో ఒక వైపు పెట్టి ఇంకో వైపు వదిలేసిన స్పీకర్ తీగ నేల మీద ఉండకూడదు.

ఎరుపు ప్లస్సుకు, నలుపు మైనస్సుకు, రెండు స్పీకర్లకూ ఒకేలా. ఒకదానికి తారుమారైతే మోత వినిపిస్తుంది గానీ మృదంగం, బేస్ అన్నీ పలచబడిపోతాయి, గాయకుడు ఎక్కడున్నాడో తెలియదు. తేల్చుకోవడం సులువు. ఆంప్లిఫయర్ నుంచి తీగ విప్పేసి, ఆ కొసల మీద 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌ను క్షణం తాకించు. సెల్ ప్లస్సు ఎర్ర తీగకు తగిలినప్పుడు పెద్ద స్పీకర్ కోన్ బయటికి ఎగిరితే సరిగ్గా ఉన్నట్టు, లోపలికి పోతే తిరగబడ్డట్టు.

ఇక అసలు పనితనం చూపవలసినది ప్లేయర్ నుంచి ఆంప్లిఫయర్‌కు వెళ్ళే సన్న కేబుల్ దగ్గర. దీనిలో ప్రవహించేది చాలా చిన్న సంకేతం. చుట్టూ ఇల్లంతా 50 హెర్ట్‌జ్ కరెంటు తిరుగుతుంటుంది కనుక దీనికి కవచం కావాలి. మేడ మీద డిష్ తీగ మిగిలింది, అది వాడనా అని అడుగుతావేమో. వద్దు. దాని నడిమి తీగ తరచుగా రాగి పూత పూసిన ఉక్కు, పైన అల్లిక అల్యూమినియం. అల్యూమినియానికి మన మామూలు టంకం పట్టదు. మైక్ సెట్ వాళ్ళు వాడే మైక్ వైరు తీసుకో. లోపల రెండు తీగలు, పైన కవచంగా రాగి అల్లిక ఉంటుంది, మెత్తగా వంగుతుంది. రెండు కొసలకూ ఆర్‌సీఏ పిన్నులు వేయాలి, నడుమ ఒక పుల్ల, బయట లోహపు చుట్టు ఉండే రకం. ఒక తీగను నడిమి పిన్నుకు, రెండో తీగను బయటి చుట్టుకు, రెండు కొసల్లోనూ ఒకేలా వేయి. కవచాన్ని మాత్రం ప్లేయర్ వైపు కొసలోనే బయటి చుట్టుకు కలిపి, ఆంప్లిఫయర్ వైపు కత్తిరించి వదిలేయ్. ఏ కొస ప్లేయర్ వైపో తెలిసేలా అక్కడ ఒక రంగు స్లీవు తొడుగు.

టంకం వేసే పద్ధతి జాగ్రత్తగా చదువు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు. టంకం తీగలో 63/37 అని (తగరం, సీసం పాళ్ళు) రాసినది దొరికితే మేలు. అది 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి ఒక్కసారిగా గట్టిపడుతుంది. 60/40 అయినా పని జరుగుతుంది. రేకు పనికి వాడే యాసిడ్ పేస్టు మాత్రం దగ్గరికి రానీయకు, అది మెల్లగా రాగిని తినేస్తుంది. కిటికీ తెరిచి కూర్చో. టంకంలో సీసం ఉంటుంది, చేతులు కడుక్కోకుండా ఏదీ నోట్లో పెట్టుకోకు.

పిన్ను మూత, స్లీవు ముందే తీగకు ఎక్కించాలి. అతుకు అయ్యాక అవి ఎక్కవు. తర్వాత ఒక విడి ఆడ సాకెట్ తీసుకుని పిన్నును దానిలో గుచ్చి పెట్టు. ఇందులో కిటుకు ఉంది. ఐరన్ వేడికి పిన్నులోని ప్లాస్టిక్ మెత్తబడినప్పుడు నడిమి పుల్ల పక్కకు ఒరగకుండా ఆ సాకెట్ పట్టుకుంటుంది, కొంత వేడిని కూడా లాగేస్తుంది. ప్లేయర్ వైపు కొసలో అల్లికను కత్తిరించకుండా సూదితో విప్పి, ఒక వైపుకు దువ్వి, పేను. తీగ కొసకూ, పిన్ను లోపలి గిన్నెకూ విడివిడిగా పలుచగా టంకం పూయి. ఇప్పుడు రెండింటినీ ఆనించి, ఐరన్ మొనను లోహానికి ఆనించు, టంకానికి కాదు. టంకం తీగను ఎదురు వైపు నుంచి తాకించు. లోహం తగినంత వేడెక్కితే టంకం దానంతట అదే లోపలికి పారుతుంది. రెండు మూడు సెకన్లలో అయిపోవాలి. ఐరన్ తీశాక ఊపిరి బిగబట్టినట్టు కదలకుండా పట్టుకో. ఆరిన అతుకు నునుపుగా మెరవాలి, అంచులు లోహంలోకి ఒదిగి ఉండాలి. బూడిద రంగులో గరుకుగానో, పూసలా గుండ్రంగా పైకి నిలబడో ఉంటే అది పొడి అతుకు. ఈ రోజు పాడుతుంది, ఏ వేసవిలోనో గరగర మొదలవుతుంది. దాన్ని సరిదిద్దే ప్రయత్నం వద్దు, పాత టంకం అంతా తీసేసి మళ్ళీ వేయి.

మల్టీమీటర్ పెట్టకుండా ఆంప్లిఫయర్‌కు తగిలించకు. నడిమి పిన్ను నుంచి నడిమి పిన్నుకు, చుట్టు నుంచి చుట్టుకు బీప్ రావాలి. పిన్నుకూ చుట్టుకూ మధ్య రాకూడదు. కొలుస్తూ తీగను అటూ ఇటూ వంచు. బీప్ తెగితే అతుకులో లోపం ఉన్నట్టే. ఇంకొకటి, ఈ ఆర్‌సీఏ పిన్నుల పుట్టుకలోనే ఒక వంకర ఉంది. గుచ్చేటప్పుడు నడిమి పుల్ల ముందు తగులుతుంది, చుట్టు తర్వాత. ఆ మధ్యలో ‘బుర్ర్’ మని పెద్ద మోత వస్తుంది. అందుకని ఆంప్లిఫయర్ ఆపాకనే పీకడం, గుచ్చడం.

అంతా అయ్యాక కూడా సన్నగా గుయ్ మంటుంటే వెంటనే కేబుల్ మీద పడకు. సెట్‌టాప్ బాక్స్, కంప్యూటర్ ఒక్కొక్కటిగా విప్పి చూడు. చాలాసార్లు దోషం టీవీ కేబుల్ ద్వారా వచ్చే రెండో ఎర్తుది. ఏది విప్పితే మోత ఆగిందో జబ్బు అక్కడుంది. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేస్తే మోత పోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకు. మోత పోవచ్చు, పెట్టె తాకిన మనిషి ప్రాణం కూడా పోవచ్చు.

రికార్డు ప్లేయర్ కూడా కొనాలని ఉందని మీ నాన్న అన్నాడు. సీడీ ప్లేయర్‌కు కేబుల్ కెపాసిటెన్స్ (తీగల మధ్య విద్యుత్తు నిలవయ్యే గుణం, పికోఫారడ్లలో కొలుస్తారు) పట్టింపు లేదు. 1000 ఓంల అవుట్‌పుట్‌కు 100 పికోఫారడ్ల కేబుల్ తగిలించినా పై స్వరాలకు కోత పడేది 16 లక్షల హెర్ట్‌జ్ దగ్గర, మన చెవి 20,000 దగ్గరే ఆగిపోతుంది. రికార్డు ప్లేయర్ సూది ఉండే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ అలా కాదు. కేబుల్, ఆంప్లిఫయర్ రెండూ కలిపి ఎన్ని పికోఫారడ్లు ఉండాలో దాని తయారీదారే చెబుతాడు, సాధారణంగా 100 నుంచి 300 మధ్య. మైక్ వైరు ఒక్క మీటరుకే అందులో చాలా భాగం తినేస్తుంది. కార్ట్రిడ్జ్‌కు 75 ఓంల కోయాక్సియల్ (ఒకే నడిమి తీగ, చుట్టూ అల్లిక ఉండే కేబుల్)లో, నడిమి తీగా అల్లికా రెండూ రాగివైన రకం వాడాలి. మీటరుకు సుమారు 67 పికోఫారడ్లు వస్తుంది. పొడవు మీటరు దాటనివ్వకు. కొనే ముందు కార్ట్రిడ్జ్ మోడల్ నాకు రాసి పంపు, లెక్క చూసి చెబుతాను. ఐరన్ కొనకు, నాది రెండోది ఖాళీగా ఉంది, వచ్చి తీసుకెళ్ళు. మొన మాత్రం కొత్తది కావాలి, కోఠిలో అడుగు.

ఇట్లు,
మీ పెదనాన్న