పేవర్ బ్లాకుల సందుల్లో చీమలు, తుంగ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: కారు పెట్టుకునే జాగాలో పేవర్ బ్లాకులు వేయించి మూడేళ్లయింది. సందుల్లోంచి చీమలు ఇసుకను కుప్పలుగా పైకి తోడేస్తున్నాయి. కొన్ని బ్లాకులు కుంగాయి. చీమల పొడి చల్లితే నాలుగు రోజులు ఆగి మళ్లీ మొదలవుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అవి తోడేది సందులోని ఇసుకనే కాదు, బ్లాకు కింద పరిచిన ఇసుకను కూడా. అందుకే బ్లాకు కుంగుతోంది. పొడి చల్లితే పైన తిరిగే చీమలు చస్తాయి, గూట్లో ఉన్న రాణి చీమకు ఏమీ కాదు. కాబట్టి ముందు ఎర, తర్వాత ఇసుక. ఈ వరస తప్పకండి.

లీటరు గోరువెచ్చని నీళ్లలో 100 గ్రాముల పంచదార, 10 గ్రాముల బోరిక్ పౌడర్ కరిగించండి. అందులో దూది ముంచి, సీసా మూతల్లో పెట్టి చీమల బారు పక్కన ఉంచండి. ఘాటుగా ఉంటే బాగా పనిచేస్తుందని బోరిక్ ఎక్కువ వేయకండి. గూటికి చేరకముందే చీమలు దారిలోనే చచ్చిపోతాయి. ఎర పెట్టిన రోజుల్లో చీమల పొడి, చాక్‌పీసు జోలికి వెళ్లొద్దు. దూది ఎండకుండా చూస్తూ రెండు వారాలు ఓపిక పట్టండి. పిల్లలకు, పశువులకు అందకూడదు. పంచదారకు రాని చీమలుంటాయి. వాటికి చెంచాడు వేరుశనగ పిండిలో చిటికెడు బోరిక్ కలిపి పెట్టండి.

చీమలు తగ్గాక కుంగిన బ్లాకులు, తట్టితే డొల్లగా మోగే బ్లాకులు పైకి తీయాలి. సందులో రెండు వైపులా వెడల్పాటి స్క్రూడ్రైవర్లు దింపి, మార్చి మార్చి ఎత్తితే అంచు విరగకుండా వస్తుంది. కింద గుల్లబారిన ఇసుకను చెదరగొట్టి, కొత్త ఇసుక వేసి చదును చేయండి. బ్లాకు పక్కవాటికన్నా 4, 5 మిల్లీమీటర్లు ఎత్తుగా కూర్చునేలా పెట్టి రబ్బరు సుత్తితో దించండి. మొదటే సమానంగా పెడితే నెల తిరక్కుండా మళ్లీ కుంగుతుంది.

ఇక అసలు పని సందు నింపడం. సందు 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఉండాలి. ఇసుక గరుకుగా, మట్టి లేకుండా, 2 మిల్లీమీటర్ల జల్లెడ దిగేలా ఉండాలి. సముద్రపు ఇసుక వద్దు, అందులోని ఉప్పు తెల్లగా పొంగుతుంది. క్రషర్ డస్ట్ కూడా వద్దు. ఆ మెత్తని పొడి తేమ పట్టుకుని గడ్డికి మడి అవుతుంది. ఇసుకను రెండు రోజులు ఎండలో తిరగేయండి. గుప్పెట పట్టి వదిలితే జారిపోవాలి, అరచేతికి అంటుకుంటే ఇంకా ఆరలేదు. తడి ఇసుక సందు నోట్లోనే అడ్డుపడుతుంది. పైకి నిండినట్టే కనిపిస్తుంది, కింద ఖాళీ. చీమలకు కావలసింది సరిగ్గా అదే.

చీపురుతో అడ్డంగా ఊడుస్తూ నింపి, రబ్బరు షీటు వేసి ప్లేట్ వైబ్రేటర్ (అదురుతూ నొక్కే యంత్రం) తిప్పండి. చిన్న జాగా అయితే చెక్క పలక వేసి దిమ్మిసతో కొట్టినా సరిపోతుంది. ఇసుక దిగుతుంది, మళ్లీ ఊడ్చండి. దిగడం ఆగేదాకా ఇంతే. చివరికి ఇసుక బ్లాకు అంచు వాలు మొదలయ్యే చోట నిలవాలి. 60 మిల్లీమీటర్ల బ్లాకు, 3 మిల్లీమీటర్ల సందు అయితే 100 చదరపు అడుగులకు 40 కిలోలు తెచ్చుకోండి. వాన కాలంలో ఇసుక ఆరదు. ఫైలిన్ (2013), తిత్లీ (2018) తుఫాన్లు రెండూ అక్టోబరులోనే వచ్చాయి కాబట్టి మన జిల్లాల్లో ఈ పనిని నవంబరు చివర మొదలుపెట్టడం మేలు.

ప్రశ్న: సందుల్లో గడ్డి, తుంగ పీకిన కొద్దీ వస్తోంది. ఉప్పు నీళ్లు పోయమంటున్నారు. పోయవచ్చా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: పోయకండి. ఉప్పు మట్టిలో నిలిచిపోయి పక్కన ఉన్న మొక్కల వేళ్లకు చేటు చేస్తుంది, వాన నీటితో బావివైపు దిగుతుంది.

కలుపు చాలావరకు పైనుంచే వస్తుంది. గాలికి, పిట్టల రెట్టలతో వచ్చిన విత్తనాలు సందులో పేరుకున్న దుమ్ములో మొలుస్తాయి. పిప్పింటాకు, నేల ఉసిరి, రావి మొక్క అలా వచ్చేవే. పాత హాక్సా బ్లేడుతో పైన 20, 25 మిల్లీమీటర్ల మేర ఆ నల్ల మట్టిని గీకేసి, శుభ్రమైన ఇసుక నింపితే ఇవి బాగా తగ్గుతాయి. వారానికోసారి గట్టి చీపురుతో ఊడిస్తే మొలకలు వేళ్లూనవు. గరిక అంచుల నుంచి పాకుతుంది, అంచు కట్ట వెంబడే కోస్తుండాలి.

తుంగ వేరే రకం. పైన పీకితే ఆకు తెగుతుంది, కింద గడ్డ మిగులుతుంది, వారంలో మళ్లీ చిగురు. ఆ బ్లాకును, చుట్టూ నాలుగు బ్లాకులను లేపి, నల్లటి చిన్న గడ్డలన్నీ వాటిని కలిపే తీగలతో సహా ఏరేయాలి. ప్రెషర్ వాషర్ వాడితే నాజిల్‌ను వాలుగా పట్టండి. నిట్టనిలువుగా కొడితే సందులోని ఇసుకంతా ఎగిరిపోతుంది. కడిగాక బాగా ఆరనిచ్చి మళ్లీ ఇసుక నింపాలి.

ప్రశ్న: సందుల్లో సిమెంటు పాలు పోసేస్తే పీడ పోతుందని మేస్త్రి అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: ఒప్పుకోకండి. కారు చక్రం ఎక్కినప్పుడు బ్లాకు రవ్వంత కదులుతుంది, ఆ కదలికను ఇసుక తట్టుకుంటుంది, సిమెంటు చీలుతుంది. వెంట్రుకవాసి చీలికలో నీళ్లు దిగుతాయి, చీమలూ దూరుతాయి. రేపు బ్లాకు లేపాలంటే అంచులు పగులుతాయి. సందులో గట్టిపడేది కావాలంటే పాలిమర్ ఇసుక (నీళ్లు తగిలాక బిగిసే జిగురు కలిపిన ఇసుక) వాడవచ్చు. సందు ఎముకలా ఎండి ఉండాలి. నింపి, బిగించాక బ్లాకు మీద మిగిలిన పొడిని పూర్తిగా తుడిచేశాకే నీళ్లు సన్నగా చల్లాలి. లేదంటే తెల్లపొర పట్టేస్తుంది, వదిలించడం చాలా కష్టం. ఆ రోజూ మర్నాడూ వాన పడకూడదు. 10 మిల్లీమీటర్లు దాటిన సందుల్లో మాత్రం మామూలు ఇసుక సరిగా నిలవదు. అక్కడ బ్లాకును కోసి ముక్క పెట్టించండి.